పెద్దలకు వేసుకోగలిగే బట్టలు ఇద్దాం



ఏటా రంజాన్ నెలలో మన సొసైటీ తరఫున సబ్బవరంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్న పెద్దలకు కొత్త బట్టలు పంచుతున్నాం. మగవాళ్లకు కుర్తా పైజామా, ఆడవాళ్లకు చీర లేదా సల్వార్ కమీజ్. వాటిని ఎంచి కొనే పనిలో నేనూ ఒకడిని. ఒక ఏడాది ఈద్ నమాజ్‌లో మా వీధి చాచా కనబడలేదు. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. సాయంత్రం షీర్ ఖుర్మా గిన్నె పట్టుకుని వాళ్ల ఇంటికి వెళ్లాను. పాత బనియను, లుంగీతో మంచం మీద కూర్చుని ఉన్నారు. మేమిచ్చిన తెల్ల కుర్తా పైజామా కవరు కూడా విప్పకుండా ట్రంకు పెట్టె మీద ఉంది.

“కొలత సరిపోలేదా చాచా?” అని అడిగాను.

“బట్ట బాగుంది బేటా. వేసుకోవడానికి చేతులే సరిపోవడం లేదు” అన్నారు.

తర్వాత నెమ్మదిగా అసలు సంగతి చెప్పారు. షుగరు వచ్చి పదిహేనేళ్లయింది. ఎడమ భుజం పట్టేసి ఆ చెయ్యి చెవి దాకా కూడా లేవదు. తల మీంచి కుర్తా తొడుక్కోవాలంటే ఎవరో ఒకరు లాగి సాయం చెయ్యాలి. కొడుకు, కోడలు తెల్లవారకముందే పనికి బయల్దేరతారు. అంతకన్నా పెద్ద బాధ పైజామా నాడాతో. వేళ్లు బిగుసుకుపోయి ముడి త్వరగా విప్పలేరు. ఒక శుక్రవారం మసీదు దగ్గరే ముడి బిగిసిపోయి, విప్పేలోగా పైజామా తడిసింది. ఎవరూ చూడలేదు. అయినా ఆ రోజు నుంచి ఆయన జుమాకు రావడం మానేశారు. అడిగినవాళ్లకు మోకాళ్ల నొప్పి అని చెప్పారు. మేమూ అదే నమ్మాం.

ముప్పై ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నవాడిని. పాఠం అర్థం కాకపోతే పిల్లవాడిది తప్పనుకోకూడదు, చెప్పే తీరు మార్చాలని మాకు బీఎడ్‌లోనే నేర్పారు. బట్టల విషయంలో ఆ పని చెయ్యలేదు. ఆయన ఛాతీ కొలత అడిగాం గానీ, చెయ్యి ఎంతవరకు లేస్తుందని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగితే బట్ట ఎలా మారుతుందో మీతో పంచుకోవడానికే ఈ వ్యాసం.

చెయ్యి ఎక్కడ ఆగిపోతుంది?

1963లో అమెరికాలో డాక్టర్ సిడ్నీ కాట్జ్, ఆయన సహచరులు వృద్ధులు ఎంతవరకు స్వతంత్రంగా ఉండగలరో తెలుసుకోవడానికి ఆరు పనుల జాబితా ఒకటి ప్రచురించారు. స్నానం చెయ్యడం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లిరావడం, మంచం మీంచి, కుర్చీలోంచి లేవడం, మలమూత్రాల మీద అదుపు, తినడం. నేటికీ వృద్ధుల వైద్యంలో ఆ జాబితా వాడుకలో ఉంది. ఆరింటిలో బట్టల పని ఒకటే అనిపిస్తుంది గానీ, స్నానానికీ మరుగుదొడ్డికీ కూడా బట్ట విప్పాలి, మళ్లీ వేసుకోవాలి. నమాజు చేసేవారు వజూ కోసం రోజూ చేతులు మోచేతుల దాకా మడవాలి, పాదాలు కడగాలి. బట్ట మొరాయిస్తే ఇవన్నీ ఆగుతాయి.

శరీరం ఎక్కడెక్కడ మొరాయిస్తుందో చూడండి. గుండీ పెట్టడానికి బొటనవేలు, చూపుడువేలు కలిసి పట్టు పట్టాలి. కీళ్లవాతం ఉన్నవారికి ఆ పట్టు దొరకదు. పార్కిన్సన్స్ వ్యాధి ఉన్నవారికి చెయ్యి వణికి గుండీ కాజా దగ్గరే తిరుగుతుంది. షుగరు ఉన్నవారిలో భుజం పట్టేయడం ఎక్కువ. పక్షవాతం వస్తే పనంతా ఒంటి చేత్తోనే చేసుకోవాలి. కంట్లో శుక్లాలు ఉంటే తెల్ల బట్ట మీద తెల్ల గుండీ కనబడదు. ఒంటికాలి మీద నిలబడి పైజామా తొడుక్కోబోయి పడితే తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉంది.

“ఇంట్లోవాళ్లు తొడిగితే సరిపోతుంది కదా” అని అనుకోవచ్చు. తొడగాల్సిన రోజు వస్తే తొడగాల్సిందే. కానీ చెయ్యని పనిని చేతులు మరిచిపోతాయి. అదీగాక కోడలి చేత పైజామా వేయించుకోవడం కన్నా లుంగీతో ఇంట్లో ఉండిపోవడమే నయమని పెద్దాయన అనుకుంటారు. అలా ఇల్లు కదలడం తగ్గుతుంది. మాటిమాటికీ మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందని కొందరు నీళ్లు తాగడం కూడా తగ్గిస్తారు. అది ఒంటికి మరింత చేటు.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవారు 2011 జనాభా లెక్కల నాటికే 10 కోట్లకు పైగా ఉన్నారు. 2017లో కేంద్ర ప్రభుత్వం పేద వృద్ధుల కోసం రాష్ట్రీయ వయోశ్రీ యోజనను మన రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలోనే మొదలుపెట్టింది. చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు, కళ్లద్దాలు, కట్టుడు పళ్లు ఉచితంగా ఇచ్చే పథకం అది. చాలామందికి మేలు చేసే పథకమే. అయితే అప్పుడు ప్రకటించిన జాబితాలో బట్టలు లేవు. చేతికర్ర ఉన్నా, ఒంటి మీదికి బట్ట రాకపోతే మనిషి గడప దాటరు. ఆ లోటు మనలాంటి సంస్థలు పూడ్చగలిగినది.

ఈ ఆలోచన వెనక ఉన్నవారు

ఇది కొత్త విషయం కాదు. న్యూయార్క్‌లో హెలెన్ కుక్‌మన్ అనే డిజైనరు 1950లలోనే పునరావాస వైద్యులతో కలిసి, శరీరం సహకరించనివారు సొంతంగా వేసుకోగలిగే బట్టలు రూపొందించారు. ఆమెకు వినికిడి లోపం ఉండేది. 1961లో మ్యూరియల్ జిమ్మర్‌మన్‌తో కలిసి ఆ పద్ధతులను పుస్తకంగా కూడా తెచ్చారు. చూసేవారికి మామూలు బట్టలాగే ఉండాలి, వేసుకునేవారికి సులువుగా ఉండాలి అన్నది ఆమె పట్టుదల.

ఆ బట్టలకు బాగా పనికొచ్చిన వస్తువు వెల్క్రో. పిల్లల బూట్లకు చర్రుమని ఊడే పట్టీ అదే. 1941లో జార్జ్ ద మెస్ట్రాల్ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు కుక్కతో కొండల్లో తిరిగి వచ్చి, తన బట్టలకూ కుక్క బొచ్చుకూ అంటుకున్న ముళ్లకాయలను సూక్ష్మదర్శినిలో చూశాడు. మన పొలంగట్ల మీద నడిస్తే లుంగీకి ఉత్తరేణి గింజలు పట్టుకున్నట్టే అన్నమాట. ఆ చిన్న కొక్కేల కిటుకుతోనే పట్టీ తయారుచేసి 1955లో పేటెంటు పొందాడు.

అమెరికాలో డాన్ హోర్టన్ అనే ఫుట్‌బాల్ కోచ్‌కు పార్కిన్సన్స్ వచ్చింది. ఒక ఆట ముగిశాక చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతే జట్టులోని ఆటగాడు ఒకరు సాయపడ్డారు. అది విన్న భార్య మోరా హోర్టన్, గుండీల వెనక చిన్న అయస్కాంతాలు పెట్టిన చొక్కాలు తయారుచేసి 2013లో మార్కెట్‌లోకి తెచ్చారు. టామీ హిల్‌ఫిగర్ లాంటి పెద్ద కంపెనీ కూడా 2016లో పిల్లలకు, 2017లో పెద్దలకు ఇలాంటి బట్టలు అమ్మడం మొదలుపెట్టింది. మన దేశంలో కోల్‌కతాకు చెందిన సౌమితా బసు తీవ్రమైన కీళ్లవాతంతో తన బట్టలు తానే వేసుకోలేని స్థితికి వచ్చి, తల్లితో కలిసి తనకు అనువైనవి కుట్టించుకున్నారు. తర్వాత జైనికా పేరుతో మరెందరికో అందిస్తున్నారు. ఇలాంటి ప్రయత్నాలు ఎక్కువగా సొంత ఇంట్లో ఎదురైన కష్టంలోంచే పుట్టాయి.

కంపెనీ బట్టలు మన ఊళ్లో అందరూ కొనలేరు. కానీ అందులోని కిటుకులు మన వీధి దర్జీకి చెబితే చాలు.

మన బట్టల్లో ఏం మార్చాలి?

*కుర్తా.* మామూలు కుర్తా ఛాతీ దాకానే తెరుచుకుంటుంది, తల మీంచి దింపాలి. ముందు భాగాన్ని కింది అంచు దాకా తెరిస్తే కోటులా చేతులు దూర్చి వేసుకోవచ్చు. గుండీల చోట ప్రెస్ బటన్లు గానీ, అంగుళం వెల్క్రో ముక్కలు గానీ కుట్టి, పైన చూడటానికి మామూలు గుండీలు కుట్టెయ్యాలి. చూసినవాళ్లకు గుండీలు పెట్టుకున్నట్టే ఉంటుంది. చంక దగ్గర రెండంగుళాలు వదులు పెట్టాలి. పాతకాలపు కుర్తాలకు చంక కింద నలుచదరపు ముక్క ఒకటి వేసేవారు, గుర్తుందా? చెయ్యి స్వేచ్ఛగా కదలడానికి అది చాలా మంచి పద్ధతి.

*చేతుల చివర.* చేతి చివర బిగుతుగా ఉంటే వజూ సమయంలో పైకి మడవడం కష్టం. వదులుగా ఉంచి, మోచేతి దగ్గర లోపలి వైపు చిన్న పట్టీ, బయట ఒక ప్రెస్ బటను పెడితే మడిచిన చెయ్యి కిందికి జారి తడవదు. కఫ్ ఉన్న చొక్కా అయితే ఆ గుండీని ఎలాస్టిక్ దారంతో కుట్టండి. గుండీ విప్పకుండానే చెయ్యి దూరుతుంది.

*పైజామా, సల్వార్.* నాడా తీసేసి వెడల్పాటి మెత్తటి ఎలాస్టిక్ వెయ్యాలి. నడుము ముందు భాగం మామూలు బట్టతో చదునుగా ఉంచి, వెనక సగానికే ఎలాస్టిక్ వేస్తే అందంగానూ ఉంటుంది, పొట్టను నొక్కదు. నడుము పట్టీకి రెండు పక్కలా వేళ్లు దూరేంత బట్ట ఉచ్చులు కుడితే, పట్టులేని వేళ్లతో కూడా పైకి లాక్కోవచ్చు. కాలి చివర వెడల్పుగా ఉంటే పాదం ఇరుక్కోదు, పాదాలు కడుక్కోవడం తేలిక. పొడవు చీలమండకు పైనే ఆగాలి. కాలి కింద పడే అంచు పడిపోవడానికి దారి.

*లుంగీ.* నిజానికి మన కుట్టిన లుంగీ పెద్దవాళ్లకు ఎప్పటి నుంచో అనువైన బట్ట. కూర్చునే తల మీంచి వేసుకోవచ్చు, ఒంటికాలి మీద నిలబడనక్కర్లేదు. ముడి ఒక్కటే ఇబ్బంది. పక్షవాతం వచ్చినవారికి నడుము దగ్గర వెనక ఎలాస్టిక్, పక్కన పొడవాటి వెల్క్రో ముక్క పెడితే ఒంటి చేత్తో బిగించుకోగలరు.

*చీర, లంగా, జాకెట్టు.* మా అమ్మీ డెబ్బై దాటాక కూడా చీర వదలనన్నారు. చీర కట్టకపోతే తాను తనలా ఉండనని ఆమె బాధ. మా ఆవిడ ఆమె పాత నూలు చీరలకే కుచ్చిళ్లు ముందే పెట్టి కుట్టేసింది, నడుముకు వెల్క్రో వేసింది. లంగా బొందు తీసి ఎలాస్టిక్ ఎక్కించింది. జాకెట్టుకు హుక్కులు తీసి ముందు వైపు ప్రెస్ బటన్లు పెట్టింది, చేతులు వదులు చేసింది. పల్లూకు పిన్నీసు బదులు భుజం మీద చిన్న ప్రెస్ బటను. మా పెళ్లిళ్లలో ఆ చీరలతోనే తిరిగారు, ఎవరూ గుర్తుపట్టలేదు. బజారులో దొరికే ‘వన్ మినిట్ శారీ’ కూడా ఇలాంటిదే.

*బురఖా, నమాజ్ దుపట్టా.* తల మీంచి తొడిగే బురఖా కన్నా ముందు నిలువునా తెరుచుకునే బురఖా మేలు. ప్రెస్ బటన్లు దగ్గర దగ్గరగా పెడితే నడిచేటప్పుడు తెరుచుకోదు. పిన్నులు అక్కర్లేకుండా ముఖం చుట్టూ మెత్తటి ఎలాస్టిక్ ఉన్న దుపట్టా అయితే రుకూ, సజ్దాలలో జారదు.

*జిప్పు, చెప్పులు.* జిప్పు చివర తాళంచెవుల రింగు ఒకటి తగిలిస్తే పట్టులేని వేలు కూడా లాగగలదు. జారే హవాయి చెప్పు బదులు మడమ వెనక పట్టీ, పైన వెల్క్రో ఉన్న చెప్పు మంచిది.

వేసుకునే తీరులో కూడా ఒక కిటుకు ఉంది. పడిపోయిన చేతిని ముందు తొడగాలి, విప్పేటప్పుడు బాగున్న చేతిని ముందు తియ్యాలి. పక్షవాతం వచ్చినవారికి ఫిజియోథెరపీలో నేర్పేది ఇదే. బట్టలు కుడి వైపు నుంచి మొదలుపెట్టడం మనకు సున్నత్. ఎడమ చెయ్యి పడిపోయినవారికి ఈ విషయంలో మనసులో తొలుస్తుంటే ఇమామ్ సాబ్‌ను అడిగి తెలుసుకోవచ్చు. సంకోచంతో ఊరుకోవద్దు. ఏ బట్ట అయినా చేతులున్న గట్టి కుర్చీలో కూర్చుని వేసుకోవాలి. బట్టలను వేసుకునే వరుసలోనే పక్కన పేర్చిపెడితే మతిమరుపు ఉన్నవారికి కూడా తేలిక.

చూడటానికీ బాగుండాలి

పెద్దవాళ్ల బట్టలంటే ఏదో ఒక నైటీ, ఏదో ఒక వదులు చొక్కా అని మనలో ఒక అలవాటు ఉంది. ఆస్పత్రి బట్టలా కనిపించేది ఎంత సులువుగా ఉన్నా వాళ్లు వేసుకోరు. పండుగ రోజు మనవల పక్కన కూర్చోవాలని, బాగా కనబడాలని వాళ్లకూ ఉంటుంది. రంగు, అంచు, కాలరు వాళ్లనే అడిగి పెట్టండి. చూపు తగ్గినవారికి గుండీలు బట్టకు భిన్నమైన రంగులో పెడితే కనబడతాయి, అందంగానూ ఉంటాయి. మెడ వెనక లోపలి వైపు రంగు దారంతో నాలుగు కుట్లు వేస్తే ముందేదో వెనకేదో తడిమి తెలుసుకుంటారు. మన సముద్రపు ఉక్కకు పాలిస్టరు పనికిరాదు. మెత్తటి నూలు బట్టే కొనాలి.

కొన్ని జాగ్రత్తలు

అయస్కాంతం గుండీలున్న చొక్కాలు ఎవరైనా విదేశాల నుంచి పంపితే, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారికి ఇవ్వకండి. అలాంటి అయస్కాంతాలను ఆ పరికరానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచమంటారు. ఛాతీ మీద గుండీకి అంత దూరం ఎక్కడిది? డాక్టరును అడగనిదే వాడకూడదు. వెల్క్రో గరుకు వైపు ఒంటికి తగలకుండా బయటికి చూసేలా కుట్టాలి. ఉతికే ముందు అంటించెయ్యాలి, లేకపోతే దారపు పోగులు చేరి పట్టు పోతుంది. ఎలాస్టిక్ విప్పాక నడుము మీద ఎర్రటి గీత మిగిలితే అది బిగుతు అని అర్థం. షుగరు ఉన్నవారికి అక్కడ పుండు పడవచ్చు. చక్రాల కుర్చీలో ఉన్నవారికి కుర్తా పొడవు, పక్కలకు వేలాడే దుపట్టా చక్రంలో చిక్కకుండా చూడాలి.

ఇంట్లోవాళ్లకు ఒక మనవి. బట్ట మార్చిపెట్టాక వాళ్లనే వేసుకోనివ్వండి. మొదట్లో అరగంట పట్టవచ్చు. తొందరపడి మీరు లాగి తొడిగితే కుట్టించిన ఫలితం పోతుంది.

దాతలు చేయగలిగినది

మొదటిది, ఇచ్చే ముందు అడుగుదాం. రంజాన్‌కు ముందే మన కుర్రాళ్లు ఇంటింటికీ వెళ్లి పేరు, కొలతలతో పాటు ఐదు ప్రశ్నలు రాసుకొస్తారు. చెయ్యి తల దాకా లేస్తుందా? గుండీ పెట్టుకోగలరా? నాడా విప్పుకోగలరా? నిలబడి వేసుకుంటారా, కూర్చునా? పగలు ఇంట్లో తోడు ఉంటారా? ఆడవాళ్లను ఆడవాళ్లే అడగాలి. మొహమాటపడే విషయాలు కాబట్టి నలుగురిలో అడగకూడదు.

రెండోది, బట్టతో పాటు కుట్టుకూలి కూడా ఇద్దాం. చాచా కుర్తా పైజామాకు మేం కొన్న ఎలాస్టిక్, వెల్క్రో, ప్రెస్ బటన్లు అన్నీ కలిపి వంద రూపాయల లోపే అయ్యాయి. మా ఆవిడకు ఒక మధ్యాహ్నం పట్టింది. విశాఖ పూర్ణా మార్కెట్ వైపు వెళ్లేవారు ఈ సామాను టోకున తెస్తే ఇంకా తక్కువ పడుతుంది. జకాత్ పద్దులో ఏది రావాలి, సదఖాలో ఏది రావాలి అన్నది కమిటీ వారు ఆలిమ్‌లను అడిగి చూసుకుంటారు.

మూడోది, ఈ పని మన ఆడపిల్లలకే ఇద్దాం. మన అనకాపల్లి జిల్లాలోనే, అచ్యుతాపురం బ్రాండిక్స్‌లో వేలమంది ఆడవాళ్లు దుస్తులు కుట్టే పని చేస్తున్నారు. మిషను పని నేర్చి, పెళ్లయ్యాకో పిల్లలు పుట్టాకో ఇంటి దగ్గర ఉండిపోయినవాళ్లు మన వీధుల్లోనూ ఉంటారు. వాళ్లకు ఒక రోజు శిక్షణ, ఒక నమూనా జత చాలు. పెద్దలకు బట్ట, వాళ్లకు సంపాదన రెండూ అందుతాయి.

నాలుగోది, కొత్త బట్ట కొనలేకపోయినా ఫరవాలేదు. మీ ఇంట్లో ఉన్న అబ్బా పైజామా, అమ్మీ జాకెట్టు ఈ వారమే తీసి చూడండి. ఒక నాడా మార్చడంతో మొదలుపెట్టవచ్చు.

మా చాచా సంగతి చెప్పి ముగిస్తాను. మార్చిన బట్టలు ఇచ్చినప్పుడు ఆయన ఏమీ అనలేదు. తలుపు వేసుకుని లోపలికి వెళ్లారు. నేను వరండాలో ఎదురుచూశాను. చాలాసేపటికి తలుపు తీసుకుని తెల్ల కుర్తా పైజామాలో, టోపీ పెట్టుకుని బయటికి వచ్చారు. కింది ప్రెస్ బటను ఒకటి పక్కదానితో కలిసిపోయి అంచు కాస్త వంకరగా ఉంది. సరిచేద్దామని చెయ్యి చాపాను. “ఉండనీ బేటా, నేను పెట్టుకున్నది” అన్నారు. ఆ శుక్రవారం ఖుత్బా మొదలుకాక ముందే ఆయన మసీదులో ఉన్నారు.

వచ్చే రంజాన్‌కు మనం ఇచ్చే ఏ జతా కవరులోనే ఉండిపోకుండా చూద్దాం. అల్లాహ్ మనందరి సేవను స్వీకరించుగాక. ఆమీన్.